సర్వర్ పడిపోతే ముందు ఏది లేవాలి?

పెనుగొలను అంటే పెద్ద కొలను. తిరువూరు దగ్గర గంపలగూడెం మండలంలోని ఈ ఊరి పేరులోనే నిల్వ నీరుంది. ఇప్పుడు ఇలాంటి ఊళ్లకు కంటికి కనపడని మరో నిల్వ కూడా ముఖ్యమైంది. అడంగల్ తీయాలన్నా, పొలం మీద అమ్మకాలూ తాకట్లూ చూపే ఈసీ కావాలన్నా, రేషన్ బియ్యానికి వేలిముద్ర వేయాలన్నా ఎక్కడో దూరాన సర్వర్ పలకాలి. "సర్వర్ డౌన్" అన్న మాట ఇవాళ అక్షరం రాని ముసలమ్మకు కూడా తెలుసు.

ఆ మాట పుట్టకముందు రిజిస్ట్రారు కార్యాలయంలో గుమాస్తా దస్తావేజును పుస్తకంలోకి చేత్తో ఎక్కించేవాడు. ఈసీ కోసం ఏళ్లనాటి పుస్తకాలు తిరగేయాల్సి వచ్చేది. 1998 నవంబర్ 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 214 కార్యాలయాల్లో రిజిస్ట్రేషన్లను కంప్యూటర్‌కెక్కించే 'కార్డ్' మొదలైంది. చేతిరాత నకలు పోయి స్కానింగ్ వచ్చింది. అప్పట్లో ఏ కార్యాలయం సర్వర్ ఆ కార్యాలయంలోనే ఉండేది. ఒకచోట చెడితే అక్కడివరకే పని ఆగేది.

2001 ఆగస్టులో హైదరాబాద్‌లో ఈ-సేవ, 2011లో మీ-సేవ వచ్చాయి. రికార్డులన్నీ ఒకచోటికి చేరాయి. 2015 నుంచి రేషన్ దుకాణాల్లో ఈ-పోస్ యంత్రాలు కూడా కేంద్ర సర్వర్లతోనే మాట్లాడుతున్నాయి. జనానికి తిరుగుడు తప్పింది, ఇది చిన్న మేలు కాదు. కానీ అప్పటిదాకా ఒక ఆఫీసుకు పరిమితమైన ఇబ్బంది రాష్ట్రమంతటికీ పాకే దారి కూడా అప్పుడే తెరుచుకుంది.

ఆ ఇబ్బందిని తగ్గించడానికి పనికొచ్చేది ఒకే యంత్రంలో అనేక యంత్రాలు, అంటే వర్చువల్ మెషిన్లు, ఉన్నట్టు నడిపే విద్య. అది కొత్తదేం కాదు. ఐబీఎం 1972లోనే వీఎం/370ని ప్రకటించింది. మామూలు సర్వర్ల మీద ఈ విద్యను వాడుకలోకి తెచ్చింది 2001లో వచ్చిన వీఎంవేర్ ఈఎస్ఎక్స్. ఒక సర్వర్ చనిపోతే దాని మీదున్న వర్చువల్ మెషిన్లను పక్క సర్వర్ల మీద తనంతట తానే లేపే ఏర్పాటు 2006లో వచ్చింది. దీన్నే ఫెయిలోవర్ అంటారు. అయితే పక్క సర్వర్లో చోటుంటేనే అది లేపగలదు.

లెక్క చూడండి. 256 జీబీ మెమరీ ఉన్న సర్వర్లు నాలుగు, మొత్తం 1,024 జీబీ. ఒకటి పోతే మిగిలేది 768. అంటే మామూలు రోజుల్లో వాడకం 75 శాతం దాటకూడదు. 90 శాతం వాడుతుంటే 154 జీబీకి సరిపడా మెషిన్లకు ఆ రోజు చోటు దొరకదు. ఖాళీగా కనిపించే ఆ పావు వంతును వృథా ఖర్చు అని కోసేయడం పెద్ద పొరపాటు. కట్ట మీదుగా పొర్లేదాకా చెరువు నింపే రైతు లేడు.

తొలి రోజుల్లో ఈ లెక్కను స్లాట్లలో కట్టేవారు. స్లాట్ అంటే ఒక మెషిన్‌కు సరిపోయే చోటు. అన్నిటికంటే పెద్ద రిజర్వేషన్ (ముందే కేటాయించిన వాటా) ఉన్న మెషినే స్లాట్ కొలత. మిగతా మెషిన్లకు 2 జీబీ చాలినా, ఒక్కదానికి 32 జీబీ కేటాయిస్తే 256 జీబీ సర్వర్లో మెమరీ లెక్కన ఎనిమిది స్లాట్లే మిగిలేవి. 2009లో, మొత్తంలో ఇంత శాతం ఖాళీగా ఉంచాలని చెప్పే పద్ధతి వచ్చాక ఈ ఇరుకు కొంత తగ్గింది.

అన్నిటికీ చోటు చాలనప్పుడు ఏది ముందు? ఈ విద్యలో అసలు కీలకం ఇక్కడే ఉంది. డేటాబేస్ లేవకుండా అప్లికేషన్ లేచి లాభం లేదు, అప్లికేషన్ లేకుండా వెబ్ పేజీ ఉత్త గుమ్మం. 2016లో వచ్చిన వీఎంవేర్ వీస్ఫియర్ 6.5లో ప్రాధాన్యాలు అయిదు మెట్లయ్యాయి. ఒకటి లేచాకే మరొకటి లేవాలన్న వరుస కూడా రాసిపెట్టుకోవచ్చు. కానీ రేషన్ ముందా, నెలవారీ నివేదికల మెషిన్ ముందా అన్నది ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు. అది మనుషులు తేల్చాల్సిన మాట. పస్తులతో ముడిపడినదే ముందుండాలి, ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు.

ఒకే గదిలో ఎన్ని సర్వర్లున్నా గదే పోతే దిక్కులేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి మూగబోయాయి. మరో ఊళ్లో మరో నకలు ఉండాలన్నది అందుకే.

సర్వర్లు చూసే ఇంజినీర్లకు ఒక్క విన్నపం. ఆ ప్రాధాన్యాల వరుసను ఇవాళే కాగితం మీద పెట్టండి. ఏడాదికోసారైనా, రద్దీ లేని ఒక రాత్రి, ఒక సర్వర్‌ను కావాలని ఆపి చూడండి.