కొల్లేటి చెరువులు ఎవరివి?

కొల్లేరు మాటెత్తితే వాదన ఎప్పుడూ ఒక్కచోటే తిరుగుతుంది: పక్షులా, చేపలా? నన్నడిగితే అంతకన్నా ముందు అడగాల్సింది ఇంకోటుంది. ఆ చెరువులు అసలు ఎవరివి?

కాస్త వెనక్కెళ్దాం. ఒకప్పుడు శీలావతి, బొచ్చె పిల్ల కావాలంటే వరదల్లో నదులకి పోయి పట్టుకోవాల్సిందే. 1957 జూలైలో ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త పిట్యూటరీ గ్రంథి సారం ఎక్కించి కార్పు చేపల చేత గుడ్లు పెట్టించాక ఆ ఇబ్బంది తీరే దారి దొరికింది. చేపని పంటలా పండించొచ్చన్న ధైర్యం సర్కారుకి వచ్చింది.

మన దగ్గర 1976 ప్రాంతంలో జలగం వెంగళరావు ప్రభుత్వం కొల్లేట్లో చేపల చెరువులు తవ్వించి, లంక గ్రామాల మత్స్యకారులకీ పేదలకీ సహకార సంఘాల పేరున ఇచ్చింది. ముంపుకి పైరు నిలవని నేల, వల తప్ప ఆస్తి లేని జనం. ఉద్దేశం మంచిదే.

ఐతే చెరువు ఇవ్వడం వేరు, నడపడం వేరు. గట్టు తెగితే పోయాలి, పిల్ల కొనాలి, తవుడూ చెక్కా వెయ్యాలి, చేప ఎదిగేదాకా నెలల తరబడి ఆగాలి, పట్టాక ఐసు కొట్టి లారీల్లో కలకత్తా పంపాలి. అంత పెట్టుబడి సంఘంలో ఎవరి దగ్గరుంది? డబ్బున్నవాడొచ్చి లీజు రాయించుకున్నాడు. కాయితం మీద ఓనరు సంఘం, గట్టు మీద ఓనరు ఇంకొకడు. సభ్యుడికి దక్కింది కొంత లీజు సొమ్ము, కాపలా కూలీ. ఈలోగా చెరువులు సరస్సు లోపలికి పాకుతూ పోయాయి.

1999లో +5 కాంటూరు దాకా, సుమారు 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యమన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో, రాజశేఖరరెడ్డి హయాంలో, గట్లు కొట్టేశారు. అది తప్పని పనే. రెండు డెల్టాల మధ్య చేరే వరద ఉప్పుటేరు దాకా పోవాలంటే దారిలో గట్లుండకూడదు.

కానీ దెబ్బ ఎవరికెలా తగిలిందో చూడండి. పెట్టుబడిదారు ఒక పంట పోగొట్టుకుని, సరస్సు బయట వరిచేలు లీజుకి తీసుకుని మళ్ళీ తవ్వుకోగలడు. లంకవాడికి లీజు సొమ్మూ పోయింది, కూలీ పోయింది. చెరువులు రాకముందు వల వేసుకు బతికిన సరస్సు మాత్రం తిరిగి రాలేదు. 2008లో అసెంబ్లీ +3కి తగ్గించమని తీర్మానించింది, కేంద్రం వేసిన అజీజ్ కమిటీ వద్దంది. వాదన మళ్ళీ పక్షులూ చేపల దగ్గరికే వచ్చింది.

2020లో కేంద్రం మత్స్య సంపద యోజనకి 20,050 కోట్లు ప్రకటించింది. దాంతో టన్నులు పెరగొచ్చు. కానీ ఏ పథకమైనా సంఘానికి చెరువుతోపాటు పంట చేతికొచ్చేదాకా అప్పూ, మధ్యవర్తి లేకుండా అమ్ముకునే దారీ చూపించకపోతే, పేదవాడి పేరు పట్టా మీదే మిగుల్తుంది. గట్టు కొట్టేరోజున నోటీసు మాత్రం ఆ పేరుకే వస్తుంది.