రెండు సీట్లు, రెండు పార్టీలు

అమెరికా రాజకీయాలు కుడివైపుకు జరిగిపోయాయన్న మాట 2016లో ట్రంప్ గెలిచినప్పుడు గట్టిగా వినబడింది. 2024లో మళ్లీ గెలిచినప్పుడు ఇంకా గట్టిగా వినబడింది. కాస్త చరిత్ర చదివినవాళ్లు దీన్ని 1980 నాటి రీగన్ నుంచి మొదలుపెడతారు. మన మార్క్సిస్టు మిత్రులైతే 1970ల పెట్టుబడి సంక్షోభం, పడిపోయిన లాభాల రేటు దగ్గర మొదలుపెడతారు. వీటిలో దేన్నీ నేను కాదనడం లేదు. అయితే ఈ కథనాల్లో నల్లజాతి ప్రజలు ఎప్పుడూ ఆఖరి అధ్యాయంలోనే వస్తారు, అదీ బాధితులుగా. ఓటు కోసం దెబ్బలు తిన్నవాళ్లుగా, సొంత పార్టీ కట్టినవాళ్లుగా, ఆ రెండు పెద్ద పార్టీల రూపురేఖల్నే మార్చినవాళ్లుగా రారు. వాళ్ల వాడలోంచి చూస్తే ఈ కుడివైపు నడక ఎలా కనిపిస్తుందో చూద్దాం.

ఇవ్వాళ నల్లవాళ్ల ఓట్లు డెమోక్రటిక్ పార్టీవనీ, దక్షిణాది తెల్లవాళ్ల ఓట్లు రిపబ్లికన్ పార్టీవనీ లెక్క. ఒకప్పుడు ఇది సరిగ్గా తలకిందులుగా ఉండేది. 1854లో పుట్టిన రిపబ్లికన్ పార్టీ లింకన్ పార్టీ. బానిసత్వాన్ని రద్దు చేసి, పౌరసత్వం, ఓటుహక్కు ఇచ్చిన 13, 14, 15 సవరణలు ఆ పార్టీ చేతిమీదుగా వచ్చినవే. 1870లో మిసిసిపీ నుంచి హైరమ్ రెవెల్స్ అనే నల్లజాతి మనిషి సెనేట్‌లో కూర్చున్నాడు. డెమోక్రటిక్ పార్టీ అంటే దక్షిణాది భూస్వాముల పార్టీ. 1876 ఎన్నికల లెక్క తేలకపోతే పెద్దలు కూర్చుని రాజీ కుదుర్చుకున్నారు. ప్రెసిడెంటు కుర్చీ రిపబ్లికన్ హేస్‌కు దక్కింది. బదులుగా దక్షిణాదిలో నల్లవాళ్లకు కాపుగా ఉన్న కేంద్ర సైన్యాన్ని వెనక్కి పిలిపించారు. నల్లవాళ్లను అడిగిన నాథుడు లేడు. 1890లో మిసిసిపీ కొత్త రాజ్యాంగం రాసుకుంది. ఓటెయ్యాలంటే రెండు డాలర్ల పన్ను కట్టాలి, పైగా రాజ్యాంగంలో ఒక సెక్షన్‌కు అర్థం చెప్పాలి. చెప్పిన అర్థం సరైందో కాదో తేల్చేది తెల్ల గుమాస్తా. 1901లో నార్త్ కరోలినా సభ్యుడు జార్జ్ వైట్ దిగిపోయాక 1929 దాకా అమెరికా పార్లమెంటులో (దాని పేరు కూడా కాంగ్రెసే) ఒక్క నల్ల సభ్యుడు లేడు. నల్లవాళ్లను తన సొత్తు అనుకున్న పార్టీ, అవసరం తీరాక వాళ్లను బేరంలో పెట్టేసింది.

1930ల మాంద్యంలో రూజ్‌వెల్ట్ ఉపాధి పనులు, పింఛన్లు అంటూ వచ్చాక ఉత్తరాది నగరాల్లో ఓటున్న నల్లవాళ్లు డెమోక్రటిక్ పార్టీవైపు మళ్లారు. కానీ 1935 సోషల్ సెక్యూరిటీ చట్టంలో వ్యవసాయ కూలీలకూ, ఇళ్లలో పనిచేసేవాళ్లకూ చోటు లేదు. దక్షిణాది నల్లవాళ్లలో అత్యధికులు చేసేది ఆ రెండు పనులే. చట్టంలో జాతి అన్న మాటే కనబడదు. ఈ పద్ధతిని గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం. మొత్తానికి ఒకే పార్టీ కడుపులో మిసిసిపీ దొరా ఉన్నాడు, ఆ దొర బాధ పడలేక షికాగో వలసపోయిన కూలీ ఉన్నాడు. 1948లో ట్రూమన్ పార్టీ మహాసభ పౌరహక్కుల వైపు మొగ్గితే స్ట్రోమ్ థర్మండ్ అలిగి వేరుగా నిలబడి నాలుగు దక్షిణాది రాష్ట్రాలు గెలిచాడు. కాపురం అప్పుడే బీటలు వారింది. తెగింది 1964లో.

ఆ ఏడు ఆగస్టులో డెమోక్రటిక్ పార్టీ మహాసభ అట్లాంటిక్ సిటీలో జరిగింది. మిసిసిపీ నుంచి వచ్చిన అధికార ప్రతినిధులంతా తెల్లవాళ్లే. అప్పటికి ఆ రాష్ట్రంలో ఓటు వయసున్న నల్లవాళ్లలో ఓటరు జాబితాకెక్కింది 6.7 శాతం. పార్టీ సభల్లోకి రానివ్వరు కాబట్టి వీళ్లు సొంతంగా మిసిసిపీ ఫ్రీడం డెమోక్రటిక్ పార్టీ కట్టుకున్నారు. సభలు పెట్టుకుని 68 మందిని ఎన్నుకుని పంపారు. ఆ వేసవిలోనే నెషోబా కౌంటీలో ఓటు నమోదు ఉద్యమంలో ఉన్న ముగ్గురు యువకుల్ని చంపి మట్టికట్ట కింద పూడ్చారు. ఆ 68 మందీ బయల్దేరిన రాష్ట్రం అలాంటిది.

వాళ్లలో ఫానీ లూ హేమర్ ఉంది. పత్తిచేలో పాలుకు చేసే కుటుంబంలో ఇరవయ్యో సంతానం. 1962 ఆగస్టు 31న ఓటు నమోదుకు వెళ్లినందుకు, పద్దెనిమిదేళ్లు చాకిరీ చేసిన కమతం నుంచి దొర ఆ రాత్రికి రాత్రే వెళ్లగొట్టాడు. 1963 జూన్‌లో వైనోనా జైల్లో పోలీసులు తోటి ఖైదీల చేతికి లాఠీలాంటిదిచ్చి ఆమెను కొట్టించారు. 1964 ఆగస్టు 22న ప్రతినిధుల అర్హత తేల్చే కమిటీ ముందు కూర్చుని ఆమె ఇదంతా చెప్పింది. టీవీల్లో అది వస్తుండగానే ప్రెసిడెంటు జాన్సన్ అప్పటికప్పుడు విలేఖరుల సమావేశం పెట్టాడు. కెమెరాలు అటు తిరిగాయి. అయితే ఆ రాత్రి వార్తల్లో ఆమె మాటలు వేశారు, దేశమంతా విన్నది.

అప్పుడు నాయకత్వం బేరానికి దిగింది. రెండు సీట్లు ఇస్తామన్నారు. అవి కూడా మిసిసిపీ తరఫున కాదు, ఊరికే సభలో కూర్చోవడానికి. ఆ రెంటిలో ఎవరు కూర్చోవాలో కూడా వాళ్లే నిర్ణయించారు: మందుల షాపు నడిపే ఒక నల్లజాతి నాయకుడు, ఒక తెల్ల పాదిరి. హేమర్ పేరు లేదు. ఉదారవాదులూ, కార్మిక సంఘాల నాయకులూ, పౌరహక్కుల ఉద్యమ పెద్దల్లో కొందరూ తీసుకోమనే నచ్చజెప్పారు. లేకపోతే దక్షిణాది చేజారిపోతుందనీ, గోల్డ్‌వాటర్ గెలుస్తాడనీ భయపెట్టారు. ప్రతినిధులు ఒప్పుకోలేదు.

పూనా ఒప్పందం చదివిన మనకు ఇది పరాయి దేశం కథగా అనిపించదు. 1932లో మనకు సీట్ల సంఖ్య పెరిగి 148 అయింది, నిజమే. పోయింది వేరే. ఆఖరి ఎన్నికలో మన ప్రతినిధిని మన ఓటుతోనే గెలిపించుకునే అధికారం పోయింది. ఎన్ని సీట్లన్నదానికంటే వాటిలో కూర్చునే మనిషిని ఎవరు ఎంచుతారన్నదే అసలు తగాదా అని అంబేద్కర్ 1945లో కాంగ్రెస్ మీద రాసిన పుస్తకమంతా చెబుతూ పోయాడు. హేమర్ ఆ పుస్తకం చదివి ఉండదు. చదవాల్సిన అవసరమూ లేకపోయింది.

సరే, ఇంత చేసి దక్షిణాదిని నిలబెట్టుకున్నారా అంటే అదీ లేదు. పౌరహక్కుల చట్టానికి వ్యతిరేకంగా ఓటేసిన గోల్డ్‌వాటర్ నవంబరులో దేశమంతా చిత్తుగా ఓడిపోయి, తన సొంత అరిజోనాతో పాటు గెల్చుకున్నది ఐదు దక్షిణాది రాష్ట్రాల్ని. మిసిసిపీలో అతనికి 87 శాతం పడింది. సెప్టెంబరులోనే థర్మండ్ రిపబ్లికన్ కండువా కప్పుకున్నాడు. నల్లవాళ్లకు రెండు సీట్లకు మించి ఇవ్వకుండా కాపాడుకున్న ఆ తెల్ల ఓటు నాలుగు నెలలు కూడా నిలవలేదు.

అట్లాంటిక్ సిటీ నుంచి తిరిగొచ్చిన యువకుల్లో కొందరికి ఇక ఆ పార్టీ మీద ఆశ చచ్చిపోయింది. స్టోక్లీ కార్మైకేల్ 1965లో అలబామాలోని లౌండ్స్ కౌంటీ చేరాడు. అక్కడి జనంలో పదింట ఎనిమిది మంది నల్లవాళ్లు, ఆ ఏడు మొదట్లో ఓటరు జాబితాలో మాత్రం ఒక్క నల్ల పేరూ లేదు. చదువురాని ఓటర్ల కోసం పార్టీకో గుర్తు ఉండాలని ఆ రాష్ట్ర చట్టం. అలబామా డెమోక్రటిక్ పార్టీ గుర్తు తెల్ల కోడిపుంజు, దాంతోపాటు తెల్లజాతి ఆధిపత్యమే న్యాయమన్న నినాదం. నల్లవాళ్లు కట్టుకున్న సొంత పార్టీ నల్ల చిరుతను గుర్తుగా పెట్టుకుంది. 1966లో వాళ్ల అభ్యర్థులంతా ఓడిపోయారు. ఆ చిరుతను మాత్రం అదే ఏడు కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ కుర్రాళ్లు తీసుకుని బ్లాక్ పాంథర్లయ్యారు. వాళ్లను చూసి 1972లో బొంబాయిలో దళిత పాంథర్స్ పుట్టారు. మన పాంథర్ల పేరు మూలం ఒక బ్యాలెట్ గుర్తు అని నాకూ చాలా ఆలస్యంగానే తెలిసింది.

సొంత పార్టీ ఎందుకు నిలవలేదు? నాయకత్వ లోపమనే జవాబు సులువు. నాకది నచ్చదు. ఎక్కువ ఓట్లొచ్చినవాడికే సీటు, మిగతావాళ్లకు సున్నా అన్న పద్ధతి మనకూ ఉంది. కానీ ఇక్కడ చిన్న పార్టీ పదిమంది ఎమ్మెల్యేలతో కూడా ప్రభుత్వంతో బేరమాడగలదు. అక్కడ అందరూ పోటీపడేది ఒకే ఒక్క ప్రెసిడెంటు కుర్చీకి. 48 రాష్ట్రాల్లో గెలిచినవాడికే రాష్ట్రం మొత్తం ఓట్లూ పోతాయి. 1968లో జార్జ్ వాలెస్ పచ్చి జాతివాదంతో మూడో పార్టీగా నిలబడి ఐదు రాష్ట్రాలు, 13.5 శాతం ఓట్లు తెచ్చుకున్నాడు. గెలిచిన నిక్సన్‌కు వచ్చింది 43.4 శాతమే. ఈ రెండూ కలిపితే 57 అవుతుందని లెక్కవేయడానికి పెద్ద చదువు అక్కర్లేదు. నిక్సన్ ప్రచారంలో పనిచేసిన కెవిన్ ఫిలిప్స్ 1969లో ఆ లెక్కనే పుస్తకంగా వేశాడు. అంటే కుడివైపున్న మూడో పార్టీకి గిరాకీ ఉంది, దాని ఓటర్లను కొనుక్కోవడానికి పెద్ద పార్టీ పరిగెత్తుకొస్తుంది. నల్లవాళ్ల మూడో పార్టీకి ఆ గిరాకీ లేదు. ఎందుకంటే వాళ్ల ఓటు మీద రెండో పార్టీకి ఆశే లేదు.

అక్కడి నుంచి 1935 నాటి పద్ధతి మళ్లీ మొదలైంది. జాతి పేరెత్తకుండా జాతి రాజకీయం నడపాలి. 1980 ఆగస్టు 3న రీగన్ ప్రచార సభ పెట్టిన చోటు నెషోబా కౌంటీ తిరునాళ్ల, ఆ ముగ్గురు యువకుల్ని పూడ్చిన కౌంటీ. మాట్లాడింది రాష్ట్రాల హక్కుల గురించి. రిపబ్లికన్ వ్యూహకర్త లీ ఆట్‌వాటర్ 1981లో ఒక పరిశోధకుడికిచ్చిన ఇంటర్వ్యూలో ఈ కిటుకు దాచుకోకుండా విప్పి చెప్పాడు. ఒకప్పుడు తిట్టు మాటే వాడేవాళ్లం, అది చెల్లనప్పుడు రాష్ట్రాల హక్కులన్నాం, ఇప్పుడు పన్నుల కోత అంటున్నాం, ఎక్కువ దెబ్బ తగిలేది మాత్రం నల్లవాళ్లకే అన్నది దాని సారాంశం. పెట్టుబడిదారులకు కావలసింది పన్నుల కోతే. తెల్ల కూలీ చేత దానికి ఓటు వేయించింది జాతి. రీగన్ 1981లో సమ్మె చేసిన 11 వేలమందికి పైగా విమాన రాకపోకల కంట్రోలర్లను ఉద్యోగాల్లోంచి తీసేశాక కూడా అదే తెల్ల కార్మికులు 1984లో మళ్లీ ఆయనకే వేశారు. వర్గం, జాతి అని రెండు అరలు చేసి చదివితే ఈ సంగతి అందదు.

ఇంతవరకూ రిపబ్లికన్ల కథ. వాళ్లొక్కరే కుడివైపు జరిగితే రెండు పార్టీల మధ్య దూరం పెరిగేది, అంతే. గీత మొత్తం జరగడానికి డెమోక్రటిక్ పార్టీ కూడా నడవాలి. 1985లో ఆ పార్టీలోని దక్షిణాది, మితవాద నాయకులు డెమోక్రటిక్ లీడర్‌షిప్ కౌన్సిల్ పెట్టుకున్నారు. పోయిన తెల్ల ఓటర్లను తిరిగి తెచ్చుకోవాలంటే నల్లవాళ్లకూ, యూనియన్లకూ కాస్త ఎడం పాటించాలన్నది వాళ్ల ఆలోచన. మరి నల్లవాళ్లు అలిగితే? ఎటు పోతారులే! ఈ మాట మన వాడల్లోనూ ఎన్నికల లెక్కలప్పుడు వినబడేదే. పాల్ ఫ్రైమర్ అనే పండితుడు 1999 పుస్తకంలో దీనికి సిద్ధాంతం కట్టాడు: ఒక పార్టీ పట్టించుకోని, ఇంకో పార్టీ వదులుకోనక్కర్లేని ఓటు బందీ ఓటు. 1988లో మితవాద అభ్యర్థి కోసం దక్షిణాది రాష్ట్రాల ప్రైమరీలన్నీ ఒకే రోజు పెడితే, జెస్సీ జాక్సన్ వాటిలో ఐదు గెలిచి వాళ్ల నోరు మూయించాడు. మొత్తం మీద 70 లక్షల దాకా ఓట్లు తెచ్చుకున్నాడు. అయినా అభ్యర్థి కాలేదు.

1992లో వచ్చింది ఆ కౌన్సిల్‌కు అధ్యక్షుడిగా చేసిన క్లింటన్. ఎన్నికల మధ్యలో పనిగట్టుకుని సొంత రాష్ట్రం వెళ్లి, మెదడు దెబ్బతిన్న ఒక నల్ల ఖైదీ ఉరిశిక్ష అమలయ్యేదాకా అక్కడే ఉన్నాడు (ఉరి అంటే అక్కడ సూదిమందు). నేరస్తుల మీద మెతక కాదని చూపించుకోవాలి కదా. 1994లో జైళ్లు పెంచే నేర చట్టం తెచ్చాడు. ఆ తర్వాత 1935 నుంచి పేద తల్లులకు అందుతున్న సాయాన్ని హక్కుగా ఇక లేకుండా చేసే చట్టం మీద సంతకం పెట్టాడు. తేదీ 1996 ఆగస్టు 22. హేమర్ ఆ కమిటీ ముందు కూర్చున్న రోజుకు సరిగ్గా 32 ఏళ్లు. ఎవరూ కావాలని ఎంచుకున్న తేదీ కాదు. కానీ ఆ మధ్యకాలం ఎటు నడిచిందో ఇంతకంటే తేటగా చెప్పే తేదీ నాకు దొరకలేదు. ఆ నవంబరులో నల్లవాళ్లు పదింట ఎనిమిది మందికి పైగా క్లింటన్‌కే వేశారు. వాళ్లను తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఇంకో బ్యాలెట్ గడిలో ఉన్నవాడు ఎవడో వాళ్లకు తెలుసు.

రెండూ ఒకటే అని కొట్టిపారేయడం కూడా సరికాదు. 1956లోనే డుబాయిస్ ఒకే చెడ్డ పార్టీకి రెండు పేర్లున్నాయని రాసి, ఓటెయ్యనన్నాడు. మహానుభావుడు, అప్పటికి ఆ మాటకు న్యాయముంది. కానీ 1965 ఓటుహక్కు చట్టంతో రెండేళ్లలో మిసిసిపీలో నల్ల ఓటర్ల నమోదు 6.7 నుంచి 59.8 శాతానికి పెరిగింది. ఆ చట్టంలోని కీలకమైన కాపలా నిబంధనను సుప్రీంకోర్టు 2013లో 5-4 తేడాతో పడగొట్టింది. ఆ ఐదుగురినీ నియమించింది రిపబ్లికన్ ప్రెసిడెంట్లే.

తెలుగువాళ్లకు ఇందులో ఏం పని అనొచ్చు. అదే 1965లో, అదే పౌరహక్కుల గాలిలో వచ్చిన వలస చట్టం తలుపు తీస్తేనే మన డాక్టర్లు, ఇంజనీర్లు అమెరికా చేరారు. ఆ తలుపు తీయించిన దెబ్బలు నల్లవాళ్లు తిన్నారు. లోపలికి పోయినవాళ్లలో ఎక్కువమంది మన అగ్రకులాలవాళ్లు, వాళ్లతో పాటే కులమూ పోయింది. 2023లో కుల వివక్షను పేరుపెట్టి నిషేధించే బిల్లును కాలిఫోర్నియా చట్టసభ పాస్ చేస్తే గవర్నర్ న్యూసమ్ ఇప్పుడున్న చట్టాలే చాలునంటూ వెనక్కి పంపాడు. ఆయన డెమోక్రాట్.

లౌండ్స్ కౌంటీ సంగతి చెప్పి ఆపేస్తాను. 1970లో అక్కడి నల్లవాళ్లు జాన్ హ్యూలెట్‌ను షెరీఫ్‌గా గెలిపించుకున్నారు. ఒకప్పుడు ఓటు అడిగితే తుపాకీ చూపించిన కుర్చీ అది. ఆ కౌంటీ ఇప్పటికీ డెమోక్రటిక్ పార్టీకే ఓటేస్తుంది. అక్కడి నల్లరేగడిలో నీళ్లు ఇంకవు. పేద ఇళ్ల పాయిఖానా నీళ్లు గొట్టంలోంచి నేరుగా పెరట్లోకి పోయి నిలబడతాయి. 2017లో పరిశోధకులు అక్కడి మనుషుల్లో కొంకిపురుగు ఆనవాళ్లు కనిపెట్టారు. అలబామా ఆరోగ్య శాఖ దీన్ని పట్టించుకోలేదన్న ఫిర్యాదు మీద బైడెన్ ప్రభుత్వం పౌరహక్కుల చట్టం కింద విచారించి, 2023 మేలో ఆ శాఖ చేత బాగుచేస్తామని ఒప్పందం రాయించింది. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని, జాతి పేరుతో చేసిన అక్రమ పక్షపాతం అని చెప్పి రద్దు చేసింది.