ఉల్కలు, తోకచుక్కలు

రాత్రివేళ ఆకాశమున కనుఱెప్పపాటు మెఱసి మాయమగు కాంతిరేఖ ఉల్క. కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి, నక్షత్రముల నడుమ దినదినమును కొంత జరుగుచు, పొగవంటి తోకతో కన్పట్టునది తోకచుక్క, అనగా ధూమకేతువు. రెంటిలో ఏదియు నక్షత్రము కాదు. ఈ భేదమును మానవుడు నిశ్చయముగా గ్రహించుటకు రెండువేల యేండ్లకు పైగా పట్టినది.

స్వరూపము

ఉల్కకు మూలము సామాన్యముగా ఇసుకరేణువంతటి శకలము. అది సెకనుకు 11 మొదలు 72 కిలోమీటర్ల వేగమున భూమి వాయుమండలమును చొచ్చి, సుమారు 100 కిలోమీటర్ల యెత్తున గాలి తాకిడికి కాలి వెలుగును. పెద్ద శకలములు కొన్ని పూర్తిగా కాలక నేలబడును. 1997 డిసెంబరులో కృష్ణాజిల్లా విస్సన్నపేటలో పడిన ఱాయి అట్టిది. తోకచుక్క మంచును ధూళియు కలసి గడ్డకట్టిన, పలు కిలోమీటర్ల ప్రమాణముగల పిండము. అది సూర్యుని సమీపించినప్పుడు మంచు ఆవిరియై, ఆ యావిరియు ధూళియు సూర్యునికి పెడమొగముగా కోట్ల కిలోమీటర్ల పొడవున తోకయై సాగును.

ప్రాచీనుల విచారము

ఆఱవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో కేతువులకు ఒక యధ్యాయమును, ఉల్కలకు వేఱొక యధ్యాయమును కేటాయించి, ఉల్కలను ధిష్ణ్యము, ఉల్క, అశని, విద్యుత్తు, తార యని అయిదు విధములుగా విభజించెను. చూపునకు తోచు భేదమును మనవారు ఇంత స్పష్టముగా గుర్తించినను, వారి దృష్టి ప్రధానముగా శుభాశుభ ఫలములపై నిలిచెను. గ్రీసు దేశమున అరిస్టాటిలు రెంటిని చంద్రునికి దిగువనున్న వాయుప్రదేశపు వికారములుగనే భావించెను.

దూరనిర్ణయము

సందేహమును తీర్చినది సులభమైన యొక్క యుపాయము. కోటబొమ్మాళిలో నొకడును, దానికి 30, 40 కిలోమీటర్ల దూరముననున్న శ్రీకాకుళమున నొకడును ఒకే ఉల్కను చూచినచో, అది ఇరువురికిని వేర్వేరు నక్షత్రముల చెంత రాలినట్లు తోచును. నడినెత్తిన మెఱసినదైనచో ఆ యంతరము 20 డిగ్రీల వఱకు నుండును. తోకచుక్క యన్ననో, ఇరువురికిని ఒకే నక్షత్రము ప్రక్కన నిలిచియుండును. దగ్గఱి వస్తువు చూచు చోటునుబట్టి స్థానము మార్చును, దూరపు వస్తువు మార్చదు. ఈ న్యాయము ననుసరించియే ఖగోళజ్ఞుడు టైకోబ్రాహి 1577 నాటి తోకచుక్క చంద్రునికంటె మిక్కిలి దూరమున నున్నదని నిరూపించెను. ఈ న్యాయమే 1798లో జర్మనీలో బ్రాండెస్, బెంజెన్‌బర్గ్ అను యువకులిద్దఱిచేత ఉల్కల యెత్తును కొలిపించినది. 1705లో ఖగోళజ్ఞుడు హేలీ, 1531, 1607, 1682 సంవత్సరములలో కన్పట్టిన తోకచుక్క ఒక్కటేయనియు, అది మరల 1758 ప్రాంతమున వచ్చుననియు చెప్పెను. అతడు గతించిన పిమ్మట అది 1758 చివర కన్పట్టెను.

కళింగాంధ్రమున

గ్రహగణితమును యంత్రముతో పరీక్షించు అభ్యాసము ఈ తీరమునకు తొందరగనే వచ్చినది. మదరాసు వేధశాలలో శిక్షణ పొందిన గోడే వెంకట జగ్గారావు (1817–1856) విశాఖపట్టణమున 1840 ప్రాంతమున సొంత వేధశాలను నెలకొల్పెను; అతని అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని నడపి, 1868 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును, 1874 నాటి శుక్రసంక్రమణమును పరిశీలించెను.

1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు, దాని తోకలో విషవాయువున్నదని వర్ణపటము తెలుపుటచే, మే 18, 19 తేదీలలో భూమి ఆ తోకను దాటునను వార్త దేశదేశములను భయపెట్టెను. తోకలోని వాయువు అత్యంత విరళమగుటచే ఎవ్వరికిని హాని కలుగలేదు. ఆ యేడే విజయనగరవాసి గురజాడ అప్పారావు ‘ముత్యాల సరములు’ ప్రకటించి, జనులు అరిష్టమని తలచు తోకచుక్కను భూమికి దూరపు చుట్టముగను, సంఘసంస్కారమునకు ధ్వజముగను నిలిపెను. శకునమును కాదని శాస్త్రమును కవిత్వమునకు తెచ్చిన ఆ ధైర్యము తెలుగుజాతికి గర్వకారణము.

పరస్పర సంబంధము

ఇంతటి భేదముగల ఈ రెంటికిని జన్యజనక సంబంధము కలదని 1866లో ఇటలీ పండితుడు స్కియాపరెల్లి తేల్చెను: ఆగస్టు నెలలో ఏటేటను రాలు ఉల్కల మార్గము, 1862 నాటి స్విఫ్ట్-టటిల్ తోకచుక్క మార్గముతో సరిపోయినది. 1846లో రెండుగా చీలి, 1852 తరువాత కన్పట్టని బీలా తోకచుక్క కక్ష్యను 1872 నవంబరులో భూమి దాటగా ఉల్కావర్షము కురిసెను. అనగా తోకచుక్క దారిపొడుగున విడిచిన ధూళిలోనికి భూమి ప్రవేశించినప్పుడు ఆ ధూళియే ఉల్కలై వెలుగును. కొన్ని ఉల్కలు మాత్రము లఘుగ్రహముల శకలములు.

హేలీ తోకచుక్క 1986లో వచ్చిపోయినది, మరల 2061లో వచ్చును. దాని ధూళి మాత్రము ఏటేట మే, అక్టోబరు నెలలలో ఉల్కలై రాలును. మే నెల ఆరంభమున తెల్లవాఱుజామున తూర్పు సముద్రము వైపు చూచువారికి అవి కన్పట్టును. వీనిలో నేదియు మనుష్యుల చావుబ్రదుకులను సూచింపదు. ఓపికతో కొలిచి చూచినవారు మనకిచ్చిన నిర్భయత్వమిది.