మిలాను నగరమందలి మహామారియు, వీథిబలిపీఠములును

క్రైస్తవారాధనము స్వభావముచేతనే సామూహికమైనది. విశ్వాసులు ఒక్కచోఁ గూడుటయు, ఒకే బలిపీఠము నెదుట మోఁకరించుటయు దానికి జీవము. మహామారి ధర్మము దీనికిఁ గేవలము విరుద్ధము. జనసమ్మర్దమే దానికి ఆహారము. ఈ రెండును ఎదురుపడినపుడు దేవాలయద్వారములు తెఱచియుంచవలయునా, మూయవలయునా యను ప్రశ్న పుట్టుచున్నది. 1576 వ సంవత్సరమున ఇటలీ దేశమందలి మిలాను నగరమున ఈ ప్రశ్నకు లభించిన సమాధానము చరిత్రజ్ఞులు విచారింపఁదగినది. తెలుఁగువారికిని ఆ నగరము కేవలము పరాయిది గాదు. 1850 లో అచ్చట స్థాపింపఁబడిన విదేశ వేదప్రచార సంఘమువారు 1855 మొదలుకొని హైదరాబాదు ప్రాంతమున కతోలిక విచారణలను నడపిరి.

నాఁడు మిలాను స్పెయిను రాజగు రెండవ ఫిలిప్పు ఏలుబడిలో నుండెను. అగ్రపీఠాధిపతి కార్డినలు కార్లో బొర్రొమేయో. 1538 లో జన్మించినవాఁడు. 1576 ఆగస్టు నెలలో నగరమున వ్యాధి పొడసూపినప్పుడు ఆతఁడు లోదీ పట్టణమున నుండెను. వార్త విన్నతోడనే మరలివచ్చెను. రాజప్రతినిధియగు అయమోంతె ప్రభువు నగరమును విడిచిపోయెను. ధనికులు పెక్కండ్రు ఆతని ననుసరించిరి. బొర్రొమేయో తన గృహమందలి తెరలను, వస్త్రములను బేదలకుఁ గట్టుబట్టలుగాఁ గుట్టింపించెను.

మొదట ఆతనికిని ఆరోగ్యాధికారసభ వారికిని అభిప్రాయభేదము కలిగెను. ప్రజలు పశ్చాత్తాపముతో ఊరేఁగింపుగా వెడలి దైవమును వేఁడవలయునని ఆతని మతము. గుంపు కూడిన వ్యాధి ప్రబలునని అధికారుల భయము. తుదకు నియమములతో నొడంబడిక కుదిరెను. పెద్దవయసు పురుషులు మాత్రమే నడువవలయును; రెండు వరుసలలో నొకరికొకరు దూరముగా నుండవలయును; వ్యాధి సోఁకినట్లు శంక యున్నవారు రాఁగూడదు. ఇట్లు అక్టోబరు మొదటివారమున మూఁడు ఊరేఁగింపులు జరిగెను. కార్డినలు మెడకుఁ ద్రాడు దగిలించుకొని, పాదరక్షలు లేక, మహాసిలువను మోయుచు నడిచెను. చిత్రకారు లనంతరము విరివిగా లిఖించిన దృశ్యమిదియే. కాని ఆరాధనచరిత్రమున నెక్కువ విలువగలది దీని తరువాతి ఘట్టము.

1576 అక్టోబరు 29 వ తేదీన నగరవాసులందఱును ఇండ్లు కదలరాదని యాజ్ఞ వెలువడెను. నలువది దినముల కని యేర్పఱచిన యీ నిర్బంధము మఱియు పొడిగింపఁబడెను. ఇఁక జనులు దేవాలయమునకు రారు. కావున దేవాలయమే జనులకడకుఁ బోవలసివచ్చెను. బొర్రొమేయో యాజ్ఞచే నాలుగు త్రోవలు గలియు తావులందు బలిపీఠములు నిర్మింపఁబడెను. గురువులు అచ్చట ప్రతిదినమును దివ్యబలిపూజ నర్పించుచుండఁగా, చుట్టుపట్ల నివసించువారు తమ గవాక్షములనుండియే దర్శించుచుండిరి. దినమున కేడు పర్యాయములు ఘంటానాదము వినఁబడెడిది. అంతట గురువు వీథిలో నిలిచి ప్రార్థనమాల నారంభింప, ఇరుప్రక్కల నిండ్లవారు కిటికీలయొద్దను గడపలయొద్దను మోఁకరించి ప్రత్యుత్తర మిచ్చుచుండిరి. దీనికై ప్రార్థనలు గల చిన్నపుస్తకములు అచ్చువేసి పంచిరి. పాపసంకీర్తనము వినుటకును గురువులు వీథులవెంట నడచుచు, ద్వారములయొద్ద నాగుచుండిరి. రోగులను దర్శించినవారు ఇతరులను దూరముగా నుంచుటకుఁ జేతఁ గోల ధరించిరి. నాణెములను వినిగరున ముంచుటయు నాఁటి జాగ్రత్తలలో నొకటి.

ఈ విషయములకు ఆధారములు బలముగా నున్నవి. యేసుసభకుఁ జెందిన పావొలో బిషోలా 1577 లోనే యీ వృత్తాంతమును బ్రకటించెను. 1610 లో బొర్రొమేయో జీవితమును వ్రాసిన జుస్సానో, ఇంచుమించుగా మూఁడులక్షలమంది యేకకాలమున దైవమును స్తుతించిరని చెప్పెను. ఆ సంఖ్య భక్తుని యతిశయోక్తి. నాఁటి జనసంఖ్య అందు సగమునకును మించదని చరిత్రకారుల లెక్క. గ్రంథకర్త సంఖ్యయందుఁ బొరపడినను ఆచారమును గూర్చి చెప్పినది విశ్వసనీయమే. ఏలన, బిషోలా వ్రాఁత దానిని సమర్థించుచున్నది.

రోగుల నిమిత్తము నగరద్వారమునకు వెలుపల 1488 లో నారంభింపఁబడిన లజ్జరెత్తో యుండెను. చతురస్రమైన మహాప్రాంగణము చుట్టు 288 గదులు. అందుఁ గపూచిను సన్న్యాసులు పరిచర్య చేసిరి. ప్రాంగణమధ్యమున పెల్లెగ్రీనో తిబాల్ది యనంతరము నిర్మించిన యష్టకోణ మందిరమునకు నాఁడు గోడలు లేవు. ఏ గదిలోని రోగియైనను శయ్య విడువక బలిపీఠమును జూడవలయునని దాని యుద్దేశము. వీథిలో నాచరించిన పద్ధతియే ఇచ్చట ఱాతఁ గట్టఁబడెను. లజ్జరెత్తోలో నధికభాగము పందొమ్మిదవ శతాబ్దాంతమునఁ గూల్పఁబడినను, మందిరము గోడలు చేర్పఁబడి నేఁటికిని నిలిచియున్నది.

1578 జనవరిలో నగరము వ్యాధిముక్తమని ప్రకటింపఁబడెను. మృతులు సుమారు 17,000. బొర్రొమేయో 1584 లో మరణించెను. 1610 లో పునీతుఁడుగాఁ బ్రకటింపఁబడెను.

ఈ కథకొక కఠినమైన యుత్తరభాగము గలదు. 1630 లో వ్యాధి మరల వచ్చెను. అప్పటి అగ్రపీఠాధిపతి ఫెదెరీగో బొర్రొమేయో, కార్లోకు జ్ఞాతి. ఊరేఁగింపు వలదని మొదట నిరాకరించియు, నగరసభవారి నిర్బంధమునకు లోఁబడెను. జూను 11 న పునీతుని శరీరమునే వీథులఁ ద్రిప్పిరి. స్త్రీలును గుంపులుగా నడచిరనియు, మఱునాఁటినుండి మరణములు మితిమీఱె ననియు మంజోనీ 1827 లోఁ బ్రకటించిన నవలయందు వర్ణించెను. పూర్వుని భక్తిని జ్ఞాపకముంచుకొనిరి గాని, యా భక్తికి ఆతఁడు విధించుకొన్న హద్దులను మఱచిరి.

ప్లేగు క్రిమిని యెర్సేను 1894 లోఁ గనుఁగొనెను. ఎలుకల గోమార్లు దానిని వ్యాపింపఁజేయునని సిమోను 1898 లోఁ జూపెను. కావున మనుష్యులు దూరముగా నుండుటచేతనే 1578 లో వ్యాధి యడఁగెనని చెప్పుట సాహసము. అయినను వీథిబలిపీఠముల విలువ యందుచేఁ దగ్గదు. నిర్బంధింపఁబడిన మనుష్యుఁడు రొట్టెచేత మాత్రము బ్రదుకఁడు. పొరుగువాని కంఠము వినఁబడినఁగాని యింటిగోడలు భరింపఁజాలఁడు. ఏకాంతమును, సహవాసమును ఒక్కవీథిలో నిమిడ్చిన యుపాయమిది.

2020 మార్చి 11 న మిలాను దేవాలయములలో సామూహికపూజలు నిలిచియుండఁగా, అగ్రపీఠాధిపతి మారియో దెల్పీనీ మహాదేవాలయపు మిద్దెపై కెక్కి మరియతల్లిని బ్రార్థించెను. బొర్రొమేయో నాఁటి ఘంటానాదమునకు బదులు నాఁడు దూరదర్శనయంత్రములు పనిచేసినవి. సాధనము మాఱెను, ద్వారము మూసినంతనే ఆరాధనము మూయఁబడ నక్కఱలేదను సిద్ధాంతము మాఱలేదు.