టొమాటో ఫోన్ ఖిస్సా

మా ములుగులో భూమి ముచ్చట వస్తే మొదటి సవాల్ ఒక్కటే: పట్టా ఎవరి పేరు మీద ఉంది? కొన్న ఫోన్ మీద కూడా ఈ సవాల్ వేయొచ్చని 2015 దాకా నాకు తెలియదు. ఆ ఏడాది 8,999 రూపాయలు పెట్టి కొన్న యు యురేకా నేర్పింది.

ఖిస్సా అంతకు ముందే మొదలైంది. ఆండ్రాయిడ్ కోడ్‌ని గూగుల్ అందరికీ తెరిచిపెట్టింది. 2009లో స్టీవ్ కాండిక్ అనే అమెరికా ప్రోగ్రామర్ దాన్ని తన మర్జీ ప్రకారం మార్చి, సయనోజెన్‌మోడ్ పేరుతో పంచడం షురూ చేశాడు. అదే ఏడాది గూగుల్ నోటీసిచ్చింది. గొడవ సిస్టమ్ మీద కాదు, అందులో కలిపిన జీమెయిల్, మ్యాప్స్ లాంటి యాప్‌ల మీద. ఆయన వాటిని తీసేసి పని సాగించాడు. కంపెనీలు వదిలేసిన పాత ఫోన్లకు కొత్త జాన్ వచ్చింది.

2014లో వన్‌ప్లస్ వన్ ఈ సయనోజెన్‌తోనే బజారుకొచ్చింది. కానీ సయనోజెన్ కంపెనీ మన ముల్క్ హక్కులు మైక్రోమ్యాక్స్‌కి రాసిచ్చింది. ఒకే జాగ ఇద్దరికి రిజిస్ట్రీ చేసినట్టు! దావా ఢిల్లీ హైకోర్టుకెక్కింది. డిసెంబర్ 16న వన్‌ప్లస్ అమ్మకాలు ఆగాయి, ఆ నెలలోనే డివిజన్ బెంచ్ ఆ హుకుం ఎత్తేసింది. వన్‌ప్లస్ ఆక్సిజన్ ఓఎస్ అని సొంతది చేసుకుంది. మైక్రోమ్యాక్స్ వాళ్ల యు బ్రాండ్ యురేకాను దించింది. రూట్ చేసినా వారంటీ పోదన్నారు. ఆ మాటకే నేను పడిపోయా.

బూట్‌లోడర్ అంటే ఫోన్ గుమ్మం కాడి దర్బాన్. ఏ సిస్టమ్ లోపలికి రావాలో అతనే చూస్తాడు. తాళం తీసి కొత్తది ఎక్కించేటప్పుడు పాతదంతా సాఫ్ అవుతుంది. ముందే దాచుకోక అబ్బా ఫోటోలు కొన్ని పోగొట్టుకున్నా. ఖసూర్ నాదే.

అయినా అఫ్సోస్ లేదు, అమ్మీ వల్ల. ఆమెకు తెలుగు చదవరాదు, ఉర్దూ వచ్చు. ఫోన్లో ఉర్దూ నస్ఖ్‌లో, అరబీ కితాబుల్లో ఉన్నట్టు కనబడేది. ఆమె కళ్లకు అలవాటైంది సియాసత్ అఖ్బార్‌లోని నస్తలీఖ్, ఏటవాలుగా జారే ఖత్. గూగుల్ 2014లోనే నోటో నస్తలీఖ్ ఉర్దూ ఫాంట్‌ని ముఫ్త్‌గా ఇచ్చింది. తాళమేసిన ఫోన్ సిస్టమ్‌లో దాన్ని పెట్టే ఇజాజత్ మనకుండదు. రూట్ చేసిన యురేకాలో పెట్టా. ఆ రోజు ఖాలా పంపిన మెసేజ్ అమ్మీ తనే చదువుకుంది, నన్ను పిలవలేదు.

2016 డిసెంబర్‌తో సయనోజెన్ కంపెనీ దుకాణం కట్టేసింది. కోడ్ అందరిదీ కనుక వలంటీర్లు దాన్నే లీనియేజ్ ఓఎస్‌గా నడిపారు. లీనియేజ్ అంటే మన జబాన్‌లో షజరా. ఆ షజరాలో మా యురేకా పేరు టొమాటో! ఎవరు పెట్టారో గానీ, అమ్మీ విని చాలాసేపు నవ్వింది.

తాళం తీసిన ఫోన్లో కొన్ని బ్యాంకు యాప్‌లు మొరాయిస్తాయి. దొంగల భయమూ ఝూటేం కాదు. పట్టా మన పేరు మీదుంటే కాపలా కూడా మనమే కాయాలి కదా.

స్క్రీన్ పగిలేదాకా అమ్మీ దాన్నే వాడింది. ఇప్పటి ఫోన్ తాళం నేను తీయలేకపోయా. ఖాలా మెసేజ్ వస్తే వంటింట్లోంచి మళ్లీ పిలుపు: "బేటా, జర ఇది చదివి చెప్పు."