గోలీసోడా నుంచి ఫౌంటెన్ యంత్రం దాకా: దిగువ కృష్ణా డెల్టాలో వాయుజల నియంత్రణ చరిత్ర

వ్యాససంగ్రహం: దిగువ కృష్ణా డెల్టాలో సోడా యంత్రాల మీద అదుపు మొదట పనివాడి చేతిలోను, తరువాత పురపాలక అనుమతులలోను, ఆపైన కేంద్ర చట్టాలలోను ఉంది. ఇవన్నీ సీసాను, సిలిండరును పట్టుకున్నంత గట్టిగా నీటిని పట్టుకోలేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: గోలీసోడా, వాయుజలం, ఉప్పునీరు, మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ

1. ఉపోద్ఘాతం

పానీయాల చరిత్ర రాసేవారు సాధారణంగా కంపెనీల పేర్లతో మొదలుపెడతారు. ఆంధ్రదేశంలో ఆ వరుసలో రామచంద్రపురం ఆర్టోస్‌కు దక్కవలసిన స్థానం దక్కింది. వీధిలో సోడా పోసే యంత్రాన్ని ఎవరు, దేని ఆధారంగా అదుపులో ఉంచారన్న ప్రశ్నకు మాత్రం అంతటి శ్రద్ధ దక్కలేదు. భూగర్భజలం ఉప్పగా ఉండి, తాగునీటికి కాలువల మీద, చెరువుల మీద ఆధారపడిన మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలో ఈ ప్రశ్న మరింత ముఖ్యమైనది. ఇక్కడ సోడా విలాసం మాత్రమే కాదు, దాహానికి తాగే నీరు కూడా.

2. చేతి యంత్రం

1767లో జోసెఫ్ ప్రీస్ట్లీ నీటిలో బొగ్గుపులుసు వాయువును కలిపాడు. 1783లో జేకబ్ ష్వెప్ జెనీవాలో దానిని వ్యాపారంగా మలిచాడు. తొలి కాలంలో సుద్దను గాని, సోడా ఉప్పును గాని ఆమ్లంతో కలిపి వాయువును పుట్టించేవారు. ‘సోడా’ అనే పేరు ఆ ఉప్పు నుంచే వచ్చింది. నేటి సోడాలో ఆ ఉప్పు ఉండి తీరాలని లేదు, పేరు మాత్రం మిగిలింది.

మన వీధులలో స్థిరపడినది ఇంగ్లండుకు చెందిన హైరమ్ కాడ్ 1870ల ఆరంభంలో పేటెంటు పొందిన గోలీసీసా. దాని మెడలో రబ్బరు వాషరు, లోపల గాజుగోలీ ఉంటాయి. నీరు నింపిన సీసాలను ఇనుప పెట్టెలో బిగించి, సిలిండరు నుంచి వాయువును వదులుతూ చక్రం తిప్పుతారు. ఆ తిప్పటంలో వాయువు నీటిలో కరుగుతుంది. సీసా తలకిందులైనప్పుడు గోలీ మెడలోకి జారుతుంది, లోపలి ఒత్తిడి దానిని వాషరుకు ఆనించి పట్టుకుంటుంది. అంటే మూతకు కావలసిన బలాన్ని సరుకే ఇస్తుంది. ఒత్తిడి చాలకపోతే గోలీ నిలవదు, మించితే సీసా పగులుతుంది. ఇనుప పెట్టె ఆ పగిలే ముక్కల నుంచి పనివాని ముఖాన్ని, చేతులను కాపాడటానికి ఉన్నదే.

కాబట్టి ఈ యంత్రానికి గోలీయే తొలి కొలమానం. మీట విప్పడం, ఎన్ని చుట్లు తిప్పాలో తెలుసుకోవడం, వాషరు అరిగిన సంగతిని బుసబుస చప్పుడుతో గుర్తించడం అనుభవం నేర్పిన విద్యలు. తెలుగు పలుకుబడి ఈ విద్యకు సాక్ష్యం. మనం సోడాను ‘తెరవము’, ‘కొడతాము’. ఒత్తిడికి తట్టుకోవడానికి పోతపోసిన దళసరి గాజు ‘సోడాబుడ్డి కళ్ళద్దాలు’గా భాషలో నిలిచింది. వీధి తగాదాలలో సోడాబుడ్లు విసరడం కూడా ఆ దళసరితనం వల్ల వచ్చిన అపకీర్తే.

3. ఎండ, ఒత్తిడి

ఈ విద్యకు అసలు పరీక్ష డెల్టా వేసవి. వాతావరణ పీడనం వద్ద 15 డిగ్రీల సెల్సియస్ నీరు దాదాపు తన ఘనపరిమాణమంత వాయువును కరిగించుకుంటుంది. 30 డిగ్రీల వద్ద అది సుమారు మూడింట రెండు వంతులకు, 40 డిగ్రీల వద్ద సగానికి తగ్గుతుంది. నీటిని చల్లబరచకపోతే అదే ఘాటు కోసం ఒత్తిడి పెంచక తప్పదు. మరోవైపు బొగ్గుపులుసు వాయువు 31 డిగ్రీలు దాటితే సిలిండరులో ద్రవంగా ఉండదు. 20 డిగ్రీల వద్ద సుమారు 57 వాతావరణాలుగా ఉన్న పీడనం ఆ హద్దు చేరేసరికి 70 దాటుతుంది. బందరు ఎండలో బండి పక్కన నిలిపిన సిలిండరు నెలల తరబడి ఆ హద్దుకు అటువైపే ఉంటుంది. సిలిండరు మీద తడి గోనె కప్పడం, దానిని నీడకు జరపడం కూడా పీడన నియంత్రణలే.

నేటి ఫౌంటెన్ యంత్రం ఈ పనులను పంచుకుంది. రెగ్యులేటరు ఒత్తిడిని నిలుపుతుంది, శీతలయంత్రం నీటిని చల్లబరుస్తుంది, కవాటం ఒక పాలు సిరప్‌కు సుమారు ఐదు పాళ్ళ సోడానీటిని కలుపుతుంది. పాళ్ళు తప్పితే నాలుక కన్నా ముందు వక్రీభవనమాపకం చెబుతుంది. అయితే కవాటాలు, గొట్టాలు, నాజిల్ రోజూ కడగవలసినవి. తీపి మిగిలిన చోట బూజు పెరుగుతుంది. గోలీసీసాను కడిగారో లేదో కొనేవాడు వెలుతురుకు పెట్టి చూడగలిగేవాడు. గొట్టం లోపల చూడటం అతని వల్ల కాదు.

4. చట్టం పట్టుకున్నది

మచిలీపట్నం పురపాలక సంఘం 1866లో, గుడివాడది 1937లో ఏర్పడ్డాయి. 1920 నాటి మద్రాసు జిల్లా పురపాలక సంఘాల చట్టం అనుమతి లేకుండా నడపరాని పనుల పట్టికలో వాయుజలాల తయారీని చేర్చింది. దివిసీమ పల్లెలు ఆ చట్టం పరిధిలో లేవు. ఒకే సోడా బందరులో అనుమతి పత్రం కింద, నాగాయలంక దారిలో ఆ చట్టపు పత్రం లేకుండా తయారైన కాలం అది.

తరువాత సిలిండరు 1884 పేలుడు పదార్థాల చట్టం కిందికి, 1940 నాటి వాయు సిలిండర్ల నిబంధనల కిందికి వచ్చింది. ఆ నిబంధనలు 1981లో, 2004లో, 2016లో మళ్ళీ రాయబడ్డాయి. తీపి కలిపిన వాయుజలాలను 1955 ఫలోత్పత్తుల ఉత్తర్వు పట్టుకుంది. కల్తీని 1954 చట్టం పట్టుకుంది. ఆ రెంటి స్థానంలో 2006 ఆహార భద్రతా ప్రమాణాల చట్టం 2011 ఆగస్టు 5 నుంచి అమలులోకి వచ్చింది. 2011 నిబంధనలు వచ్చినప్పుడు వాటి ప్రకారం ఏడాదికి 12 లక్షల రూపాయలకు మించని వ్యాపారికి లైసెన్సు అక్కరలేకపోయింది, నమోదు సరిపోయింది. సోడా బండ్లు ఎక్కువగా ఈ కోవలోనివే. చిన్న వ్యాపారిని వేధించకపోవడం మంచిదే. కాని ఆ ఉదారత వల్ల యంత్రం లోపలి నీరు తనిఖీకి బాగా దూరమైంది.

5. నీరు

1977 నవంబరు 19 ఉప్పెనలో సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్ళు ఊడ్చుకుపోయాయి. చెరువులు, బావులు ఉప్పునీటితో, కళేబరాలతో నిండాయి. ఆ ఏడే కోకాకోలా భారతదేశాన్ని విడిచి వెళ్ళింది. పానీయాల చరిత్రలు రెండవ సంఘటననే గుర్తుంచుకున్నాయి. దివిసీమలో పానీయమంటే ఏమిటో నిర్ణయించినది మొదటిది.

వాయువు కలిపిన నీరు శుభ్రమైనదన్న నమ్మకం వలసకాలం నాటిది. ఆమ్లత్వం కొన్ని సూక్ష్మజీవులను అణచడం నిజమే, కాని దానిని శుద్ధి అనలేము. ఉప్పును, లోహాన్ని అది ఏమీ చేయదు. పైగా వాయుజలం లోహాన్ని కరిగిస్తుంది. పాత యంత్రాలలో సీసం, రాగి నీటిలోకి దిగడం వైద్యులు గుర్తించిన సంగతే. నేటి ఫౌంటెన్ యంత్రంలోను వెనక్కు పారకుండా ఆపే కవాటం చెడితే, వాయుజలం నీటి గొట్టంలోకి మళ్ళి రాగిని కరిగిస్తుంది. ఆర్వో నీటిలో ఆమ్లాన్ని అణచే లవణాలు తక్కువ కనుక ఈ గుణం మరింత తీవ్రమవుతుంది. ఉప్పునీటి బాధ తప్పించుకోవడానికి డెల్టా ఎంచుకున్న నీరే రాగి గొట్టానికి గిట్టని నీరు.

సిలిండరు భుజం మీద దాని పీడన పరీక్ష తేదీ చెక్కి ఉంటుంది. దాని పక్కనే, యంత్రానికి నీరందించే ఇరవై లీటర్ల డబ్బా మీద చాలాచోట్ల చీటీ కూడా ఉండదు.