తీగలో లయ తప్పినప్పుడు

కంప్యూటరు నుండి మైక్రోకంట్రోలరులోనికి ప్రోగ్రాము ఎక్కించబోవునప్పుడు "నాట్ ఇన్ సింక్" అను మాట తెరపై ప్రత్యక్షమగుట విద్యార్థులకు పరిచితమే. రెండు యంత్రములకు లయ కుదరలేదని దాని భావము. పరికరము చెడినదని తలచి దానిని మూలకు నెట్టువారును కలరు. నిజమునకు ఈ చిక్కు తంతి యంత్రముల నాటిది. ఒకే తీగపై సంకేతములు ఒకదాని వెంట ఒకటి వచ్చుచుండగా, అక్షరము ఎక్కడ మొదలైనదో అవతలి యంత్రము ఎట్లు గ్రహింపగలదు?

ఫ్రాన్సు తంతిశాఖ ఉద్యోగి ఎమీల్ బోదో 1874లో పేటెంటు పొందిన పద్ధతిలో ప్రతి అక్షరమునకు ఐదు సంకేతములు. పంపుచోటను, అందుకొనుచోటను ఒక్కొక్క తిరుగుడు యంత్రము సరిగా ఒకే వేగముతో నడువవలెను. యంత్రము టక్కుమని చప్పుడు చేసినప్పుడే ఆపరేటరు మీటలు నొక్కవలెను. తాళము యంత్రముది, పాట మనిషిది! సంకేతముల వేగమును కొలుచు "బాడ్" అను ప్రమాణమునకు ఈయన పేరే పెట్టిరి.

ఈ కట్టుబాటును సడలించినది అమెరికాలోని టెలిప్రింటరు నిర్మాతలు. వారిలో హోవర్డ్ క్రమ్ అను నతనికి 1918లో పేటెంటు లభించెను. ప్రతి అక్షరమునకు ముందు "బయలుదేరు" అను సంకేతము, చివర "ఆగుము" అను సంకేతము చేర్చుటయే ఇందలి కిటుకు. అందుకొను యంత్రము ప్రతి అక్షరము తరువాత ఆగి, మరల కొత్తగా బయలుదేరును. ప్రతి మైలురాయి వద్దను గడియారము సరిచేసుకొను బాటసారి వలె, దానికి స్వల్పమైన తేడా వచ్చినను అది పేరుకొనదు. అట్లని వేగము ఎట్లున్నను చెల్లదు. టెలిప్రింటరు మోటారు వేగమును శ్రుతిదండముతో సరిచూచు ఆచారము అందుచేతనే ఏర్పడెను.

1971 ప్రాంతమున ఈ పని యంతయు ఒక చిప్పులో ఇమిడినది. నేడు ఎనిమిది బిట్లకు ముందొకటి, వెనుకొకటి చేర్చి మొత్తము పది పంపుట వాడుక. మొదటి సంకేతపు అంచు నుండి చివరి దాని నడిమి వరకు తొమ్మిదిన్నర బిట్ల కాలము. అంతలో అర బిట్టు జరిగినచో లెక్క తప్పును. కావున రెండు వైపుల వేగములకు నడుమ తేడా సుమారు 5 శాతము మించరాదు.

ఇంటెల్ సంస్థ 1980లో తెచ్చిన 8051తో పనిచేసినవారికి 11.0592 మెగాహెర్ట్జుల స్ఫటికము తెలిసియే ఉండును. 12 అను గుండ్రని సంఖ్య ఉండగా ఈ వింత సంఖ్య ఏల? సాధారణమైన అమరికలో స్ఫటికపు వేగమును 12చేతను, పిదప 32చేతను భాగించి, వచ్చినదానిని మరల ఒక పూర్ణసంఖ్యచే భాగింపవలెను. 11.0592 నుండి 28,800 వచ్చును. మూడుచే భాగించిన సరిగా 9,600. 12 నుండి 31,250 వచ్చును. మూడుచే భాగించిన 10,417. తేడా 8.5 శాతము! తెరపై అర్థములేని అక్షరములు రాలును. అదే 12 స్ఫటికముతో 2,400 వేగమున మాత్రము పని చక్కగా జరుగును. 13చే భాగించిన 2,404 వచ్చును గదా.

ఇటలీలోని ఇవ్రియా పట్టణమున 2005లో పుట్టిన ఆర్డుయినోలో మరియొక చిక్కు. ప్రోగ్రామును అందుకొను బూట్‌లోడరు, రీసెట్ అయిన పిదప కొద్దిసేపు మాత్రమే చెవియొగ్గి వినును. తొలుత మీటను మనిషియే అదను చూచి నొక్కవలసివచ్చెను; బోదో ఆపరేటరు పాటు మరల వచ్చినదన్నమాట. 2007 నాటి డియెచిమిలా నమూనాలో 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు ఒకటి ఆ పనిని కంప్యూటరుకే అప్పగించెను. నానో రకములో పాత బూట్‌లోడరు 57,600 వేగమున, కొత్తది 115,200 వేగమున మాటలాడును; ఏది ఉన్నదో తెలియక ఎంచుకొన్నచో మరల "నాట్ ఇన్ సింక్". ఊనో, నానోలలో 0, 1 సంఖ్యలుగల పిన్నులకు ఇతర పరికరములు తగిలించినను ఇదే ఫలితము.

కావున లక్షణమును చూడవలెను. పిచ్చి అక్షరములు వచ్చినచో మొదట వేగమును అనుమానింపవలెను. ఏమియు రానిచో తీగనో, రీసెట్‌నో. యు.ఎస్.బి. సీరియల్ అడాప్టరును విడిగా తీసి, దాని పంపు కొనను అందుకొను కొనకు కలిపి, కీబోర్డుపై కొట్టిన అక్షరములు తిరిగి వచ్చినచో కంప్యూటరు, కేబులు, డ్రైవరు బాగున్నట్లే. అయితే ఈ పరీక్ష వేగపు దోషమును పట్టలేదు. పంపునదియు వినునదియు ఒకే గడియారము గనుక, తప్పు వేగముననైనను అక్షరము సరిగానే తిరిగివచ్చును. ఆ దోషమునకు స్ఫటికముపై ముద్రించిన సంఖ్యను చదివి, కాగితముపై భాగహారము చేయవలసినదే.